న్యాయవాదిగా దుర్గాబాయి దేశ్‌ముఖ్

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు వినగానే పలువురకు ఆంధ్ర మహిళాసభయు, రాజ్యాంగ సభయు స్మృతికి వచ్చును. ఆమె న్యాయవాదిగా గడపిన కాలము స్వల్పమగుటచే అంతగా తలపునకు రాదు. కాని కుటుంబ వివాదములకు ప్రత్యేక న్యాయస్థానములుండవలెనని మన దేశమున ముందుగా నొక్కి చెప్పినవారు ఆమెయే.

ఆమె 1909 జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున రామారావు, కృష్ణవేణమ్మ దంపతులకు జన్మించిరి. ఎనిమిదవయేటనే వివాహమైనది. ఊహ తెలిసిన పిదప ఆమె కాపురమునకు పోనొల్లక చదువునే కోరుకొనిరి. తండ్రియు, సోదరుడును అండగా నిలిచిరి. ఆ కాలమున హిందూ స్త్రీకి అట్టి వివాహమునుండి విడుదల పొందుటకు సాధారణముగా చట్టమున త్రోవ లేదు. చట్టము స్త్రీజీవితమును ఎట్లు బంధించునో ఆమెకు గ్రంథములకన్న ముందు అనుభవమే నేర్పినది.

1930లో ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని ఆమె కారాగారమున కేగిరి. 1933 వరకు పలుమారులు శిక్ష ననుభవించిరి. అచట తమపై మోపబడిన నేరమేమో, తమ్ము కాపాడుకొను మార్గమేమో తెలియక శిక్షలపాలైన నిరక్షరాస్య స్త్రీలను చూచిరి. అట్టివారి పక్షమున నిలుచుటకు న్యాయశాస్త్రము నభ్యసింపవలెనని ఆమె నిశ్చయించుకొనినది చెరసాలయందే.

అప్పటి కామెకు మెట్రిక్యులేషను సైతము లేదు. బాల్యమున ఆంగ్ల బోధనను నిరసించి బడి మానిన ఆమె, ఇరువదియేండ్లు దాటిన పిదప కాశీ విశ్వవిద్యాలయపు పరీక్షకు చదివి ఉత్తీర్ణురాలైరి. తాము పడిన శ్రమ ఇతరులకు తగ్గవలెనని 1937లో మద్రాసున ఆంధ్ర మహిళాసభను స్థాపించి, బాలికల నా పరీక్షకే సిద్ధపరచిరి. వాల్తేరున ఆంధ్ర విశ్వవిద్యాలయమున స్త్రీలకు వసతిగృహము లేదనగా, పత్రికలో ప్రకటన యిచ్చి తోడి విద్యార్థినులను సమకూర్చుకొని వసతి నేర్పరచుకొనిరి. రాజనీతిశాస్త్రమున ఆనర్సు పూర్తిచేసి, ముప్పదియేండ్లు నిండిన పిదప మద్రాసున న్యాయశాస్త్ర పట్టమును గైకొనిరి.

మద్రాసు న్యాయవాదులలో స్త్రీలు మిక్కిలి అరుదైన ఆ దినములలో ఆమె క్రిమినలు కేసులను చేపట్టి పేరు గడించిరి. 1946లో రాజ్యాంగ సభకు ఎన్నికగుటతో ఆ వృత్తి వెనుకబడినది. కోర్టులో ఒక్కొక్క స్త్రీ పక్షమున వాదించిన ఆమె, సభలో స్త్రీజాతి పక్షమున హిందూ కోడ్ బిల్లును సమర్థించిరి. 1953 జనవరిలో నాటి ఆర్థికమంత్రి చింతామన్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌ను వివాహమాడిరి. ఆ సంవత్సరముననే చైనాకు వెళ్ళి, అచటి కుటుంబ న్యాయస్థానములను పరిశీలించి, మన దేశమునకును అట్టివి కావలెనని ప్రధాని నెహ్రూతోను, చాగ్లా, గజేంద్రగడ్కర్ వంటి న్యాయమూర్తులతోను చర్చించిరి.

ఆ కోరిక ఫలించుట ఆమె చూడలేదు. 1981 మే 9న ఆమె కన్నుమూసిరి. కుటుంబ న్యాయస్థానముల చట్టము 1984లో వచ్చినది. దానిననుసరించి న్యాయమూర్తి తీర్పునకు ముందు ఉభయులను సమాధానపరచుటకు యత్నింపవలెను. న్యాయవాదిని పెట్టుకొనుట కక్షిదారులకు హక్కుగా రాదు; న్యాయస్థానము అవసరమనుకొనిన సలహాకు నియమించుకొనవచ్చును. వాదమున నేర్పు గడించిన న్యాయవాదియే వాదముకన్న సమాధానమునకు పెద్దపీట వేయు న్యాయస్థానమును కోరుట గమనింపదగినది.

హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంతమున ఆంధ్ర మహిళాసభ విద్యాలయములు నెలకొన్నవి. అచటినుండి తూర్పునకు సాగినచో నాచారము, ఉప్పల్ వచ్చును. ఒకనాటి ఆ పల్లెలు నేడు మహానగరమున భాగములు. అట్టి పేటలనుండి న్యాయశాస్త్రము చదివి, కుటుంబ వివాదములతో వృత్తి నారంభించు యువతి, తనకు ముందు ఆ దారి వేసినవారిలో చెరసాలయందు న్యాయవాది కాదలచిన ఈ రాజమహేంద్రవరపు ఆడుబిడ్డ యొకరని యెరుగవలెను.