హెర్బర్ట్ సైమన్

కొల్లేటి అంచున, కైకలూరు పరిసరాలలో చేపలచెరువు గల రైతుకు బొచ్చె, శీలావతి చేపలను ఏనాడు పట్టించాలో తేల్చుకోవలసిన ఘడియ ఒకటి వస్తుంది. దూరనగరాల విపణిలో రేపటి ధర అతనికి తెలియదు. పొరుగు చెరువులవారి ఆలోచనా తెలియదు. మేత కోసం చేసిన అప్పు మాత్రం తెలుసు. అన్ని మార్గాలనూ తూచి సర్వోత్తమమైనదానిని ఎన్నుకొనే తీరిక లేక, ఈ ధర చాలునని తోచిన నాడు వల దింపిస్తాడు. మానవుడు ఇట్లే నిర్ణయిస్తాడనీ, అర్థశాస్త్ర గ్రంథాలు వర్ణించిన సర్వజ్ఞుడైన మనిషి లోకంలో లేడనీ జీవితమంతా వాదించిన పండితుడు హెర్బర్ట్ సైమన్.

ఆయన 1916 జూన్ 15న అమెరికాలోని మిల్వాకీ నగరంలో జన్మించారు. తండ్రి జర్మనీ నుండి వలసవచ్చిన విద్యుత్ ఇంజనీరు. తల్లి పియానో విద్వాంసురాలు. షికాగో విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం అభ్యసిస్తూ, 1935లో మిల్వాకీ ఆటస్థలాల నిర్వహణను పరిశీలించారు. వాటిపై రెండు శాఖలకు అధికారం ఉండేది. మైదానాల బాగుకు ఎంత, పిల్లలను ఆడించే ఉద్యోగులకు ఎంత వెచ్చించాలన్న విషయంలో వారికి పొసగేది కాదు. శాస్త్రసూత్రం ప్రకారం లెక్కకట్టి తేల్చుకోవలసిన విషయమది. అయితే ఎవరి శాఖ కళ్లతో వారు చూశారేగాని లెక్క కట్టినవారు లేరు. చూడ స్వల్పమైన ఈ తగవే ఆయన పరిశోధనకు బీజమైంది. 1943లో డాక్టరేటు, 1947లో ‘అడ్మినిస్ట్రేటివ్ బిహేవియర్’ గ్రంథం ఆ బీజం నుండి మొలిచినవే. మానవ వివేకానికి హద్దులున్నాయన్నది అందలి సారం.

1949లో సైమన్ పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ సాంకేతిక సంస్థలో ఆచార్యులయ్యారు. 1952లో ర్యాండ్ సంస్థలో అలెన్ న్యూవెల్‌తో స్నేహం కుదిరింది. మనిషి ఆలోచించే తీరును కంప్యూటరు ప్రోగ్రాముగా రాయవచ్చునని వారిద్దరూ నమ్మారు. తర్కశాస్త్ర సిద్ధాంతాలను నిరూపించే ప్రోగ్రామును రూపొందించారు గాని, అది యంత్రంపై నడవడానికి ఇంకా సిద్ధం కాలేదు. అప్పుడు, 1956 జనవరిలో, సైమన్ ఒక విచిత్ర ప్రయోగం చేశారు. భార్య డొరొథియాను, తొమ్మిది, పదకొండు, పదమూడేండ్ల పిల్లలు ముగ్గురిని, కొందరు విద్యార్థులను ఒకచోట చేర్చి తలకొక కార్డు ఇచ్చారు. కార్డుమీద రాసిన పని మాత్రమే ఆ మనిషి చేయాలి. మొత్తం తర్కం ఏ ఒక్కరికీ తెలియనక్కరలేదు. ఎవరి వంతు వారు నెరవేర్చగా నిరూపణ ముందుకు సాగింది! యంత్రం లేకుండానే మనుషులు ప్రోగ్రామై నిలిచారు. ఆ ఏడు ఆగస్టులో క్లిఫ్ షా కృషితో జానియాక్ యంత్రం సైతం నిరూపణ చేసింది.

1958 వేసవిలో న్యూవెల్, సైమన్‌లు ర్యాండ్ సంస్థలో మనోవిజ్ఞాన, సాంఘిక శాస్త్రజ్ఞులకు శిక్షణ శిబిరం నిర్వహించారు. వారు నేర్పిన ఐ.పి.ఎల్. భాష సులభమైనది కాదు. మాటలతో సిద్ధాంతం చెప్పేవారికి అస్పష్టత ఒక రక్షణ కవచం. యంత్రం ముందు ఆ కవచం పనిచేయదు. పిమ్మట ఏమి జరుగునో ప్రతి మెట్టూ రాయకపోతే ప్రోగ్రాము నడవదు.

సైమన్ అంచనాలన్నీ ఫలించలేదు. పదేండ్లలో కంప్యూటరు చదరంగంలో ప్రపంచ విజేతను జయిస్తుందని ఆ రోజులలోనే ప్రకటించారు. ఆ విజయం 1997లో గాని సిద్ధించలేదు.

ఆయన అనుకరించినది ప్రధానంగా ఒక్క మనస్సును. అనేక వ్యక్తులను చిన్న చిన్న నియమాలతో కంప్యూటరులో మెలగనిచ్చి, సమాజపు పోకడను గమనించే పద్ధతి తరువాతి తరంలో వృద్ధి పొందింది. పరిమిత వివేకమే దానికి పునాది. కొల్లేటిని ఆ రీతిని రాయదలచినవారు ఒక్కొక్క రైతుకు రెండు మూడు నియమాలిస్తే చాలు: ధర, అప్పు, పొరుగు చెరువు. వేలమంది ఒకేసారి మెలగినప్పుడు ఉప్పుటేరు నీటికి ఏమౌతుందో ఏ నియమంలోనూ ఉండదు; నడిపి చూడాలి.

సైమన్‌కు 1975లో న్యూవెల్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం, 1978లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించాయి. 2001 ఫిబ్రవరి 9న పిట్స్‌బర్గ్‌లో కన్నుమూశారు. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి 1969 నుండి ఆయన సహాధ్యాపకులు. 1956 నాటి సైమన్ తరగతిలో కూర్చున్న ఎడ్వర్డ్ ఫీగెన్‌బామ్‌తో కలిసి రాజ్ రెడ్డి 1994లో అదే ట్యూరింగ్ పురస్కారం అందుకొన్నారు.