ఒకే స్టేజీ, ఒకే పాట, మచ్చ మాత్రం ఆడపిల్లకే

మాది భీమవరం అండి. ఇరవై రెండేళ్ళుగా జాకెట్లు కుట్టుకుని బతుకుతున్నాను. పండగ నెల వచ్చిందంటే నా మిషన్ మీదకి మామూలు జాకెట్లతో పాటు తళుకుల బట్టలు కూడా వస్తాయి. సంక్రాంతికి మా చుట్టుపక్కల కోడిపందేలు ఏ స్థాయిలో జరుగుతాయో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. లాడ్జీల్లో గది దొరకదు. చీకటి పడితే కొన్ని బరుల పక్కన రికార్డింగ్ డాన్సులు మొదలవుతాయి. ఆ పిల్లల బట్టలే నేను కుట్టేవి.

ఒక పండక్కి ఓ ట్రూపు వచ్చింది. ఇద్దరు కుర్రోళ్ళు, నలుగురు ఆడపిల్లలు. రాత్రికి కూలి అందరికీ ఒకటే. అందులో తెచ్చినోడి కోత, బండి కోత పోగా చేతికొచ్చేది అంతంతమాత్రం. కుర్రోళ్ళకీ అదే మోసం జరిగింది, ఆడపిల్లలకీ అదే మోసం జరిగింది. అంతవరకు సమానమే. రెండో రోజు రాత్రి పోలీసులొచ్చి స్టేజీ ఆపించి ఆ నలుగురు పిల్లల్నీ జీపెక్కించారు, తెల్లారాక వదిలారు. కుర్రోళ్ళని అక్కడి నుంచే పొమ్మన్నారు. మర్నాడు అందరి ఫోన్లలోనూ వీడియో తిరిగింది. అందులో డాన్సు చేసిన పిల్ల మొహం స్పష్టంగా ఉంది. నోట్లు విసిరినోళ్ళ చేతులు మాత్రమే ఉన్నాయి, మొహాలు లేవు. హీరో డూపు వేసిన కుర్రోడితో మా వీధి పిల్లలు సెల్ఫీలు దిగారు. ఆ పిల్ల చేత మాత్రం ఇంటాయన అద్దె ఇల్లు ఖాళీ చేయించాడు.

ఆ పిల్ల నా కొట్లో కూర్చుని ఏడుస్తుంటే నాకు బెంగుళూరు నాగరత్నమ్మగారు గుర్తొచ్చారు. మా అమ్మాయి కాలేజీ నుంచి తెచ్చిన ఓ పుస్తకంలో ఆవిడ కథ చదివాను. అప్పటి నుంచీ ఆవిడ నా మనసులోనే ఉన్నారు. ఒక్క మాట ముందే చెప్పేస్తాను. రికార్డింగ్ డాన్సు వేరు, దేవదాసీ బతుకు వేరు, ఒళ్ళమ్ముకునే బతుకు వేరు. మూడింటినీ ఒక గాటన కట్టడం తప్పు. కాని మూడు చోట్లా తూకం వేసే రాయి ఒకటే. ఆ రాయి దొంగరాయి అని మన తెలుగులో గట్టిగా అడిగిన మనిషి ఆవిడ.

నాగరత్నమ్మగారు 1878 నవంబరు 3న మైసూరు దగ్గర నంజనగూడులో పుట్టారు. తల్లి పుట్టలక్ష్మి దేవదాసీ. తండ్రి వకీలు, తల్లీబిడ్డల్ని వదిలేశాడు. తర్వాత మైసూరు ఆస్థానంలో ఉన్న ఓ సంస్కృత పండితుడు వాళ్ళని చేరదీశాడు. పిల్లకి సంస్కృతం, సంగీతం నేర్పించాడు. కొన్నాళ్ళకి ఆయనా వదిలేశాడు. ఇక్కడే ఆగి చూడండి. ఇద్దరు మగాళ్ళు ఒక ఆడమనిషిని, ఒక పసిపిల్లని నడిరోడ్డు మీద వదిలేశారు. ఒకాయన వకీలుగానే ఉన్నాడు, ఇంకొకాయన పండితుడుగానే ఉన్నాడు. ఆ తల్లికి మాత్రం పుట్టిన దగ్గర నుంచి పోయేదాకా ఒకటే పేరు.

తల్లి పట్టు వదల్లేదు. బెంగుళూరు చేరి పిల్లకి సంగీతం చెప్పించింది. గురువుగారు మునుస్వామప్ప, త్యాగరాజస్వామి శిష్యపరంపరలోని వారు. కన్నడం, తెలుగు, ఇంగ్లీషు కూడా నేర్పించింది. పిల్లకి పద్నాలుగేళ్ళు వచ్చేసరికి తల్లి పోయింది. ఆ వయసులో అండ లేని పిల్ల, పైగా ఆ కులంలో పుట్టిన పిల్ల. ఏమైపోవాల్సిందో మీరు ఊహించుకోవచ్చు. నాగరత్నమ్మగారు పాటనే పట్టుకుని నిలబడ్డారు. బెంగుళూరులో పేరు తెచ్చుకుని, తర్వాత మద్రాసు వెళ్ళి, అక్కడ వీణ ధనమ్మాళ్ వంటి పెద్దల మధ్య పాడి, సొంత ఇల్లు, సొంత సంపాదన ఏర్పాటు చేసుకున్నారు.

ఇప్పుడు మన గోదావరి జిల్లా పెద్దమనిషి దగ్గరికి వద్దాం. రాజమండ్రి కందుకూరి వీరేశలింగం పంతులుగారు. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం చేయించిన మహానుభావుడు. ఊరంతా వెలేసినా లెక్కచేయలేదు. భోగం మేళాల మీద కూడా ఆయన యుద్ధం చేశారు. ఆ రోజుల్లో పెళ్ళయితే మేళం ఉండాలి, అధికారి ఊళ్ళోకొస్తే మేళం ఉండాలి. సానిని ఉంచుకోవడం హోదా కింద లెక్క. పంతులుగారు ఆ మగాళ్ళని కూడా పత్రికలో ఏకి పారేశారు. అది మరిచిపోతే మనకి పాపం. 1893లో మద్రాసు సంస్కర్తలు వైస్రాయికీ గవర్నరుకీ అర్జీలు పెట్టారు, మేళాలున్న విందులకి రావద్దని. దొరలు ఒప్పుకోలేదు.

కాని ఉద్యమం నడిచేకొద్దీ ఏమైందంటే, మేళానికి పోయినోడు ఇకనుంచి పోనని ప్రమాణం చేస్తే మంచోడైపోయాడు. మేళం కట్టినావిడకి అలాంటి దారి లేదు. ఆవిడ ఏం ప్రమాణం చేస్తే ఆ రాత్రి పొయ్యి వెలుగుతుంది? మగాడు మారితే ఒక అలవాటు పోతుంది. ఆవిడ మారాలంటే కూడే పోతుంది. ఈ తేడా పెద్దవాళ్ళకి ఆనలేదు.

పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని అనే కవయిత్రి ఉండేది. ఆవిడా వేశ్యాకులంలో పుట్టిందే. రాధికాసాంత్వనం అని శృంగార కావ్యం రాసింది. పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రలో ఆవిడ కవిత్వంలో పస ఉందని ఒప్పుకుంటూనే, మనిషిని వేశ్య అని తీసిపారేశారు. ఆ పుస్తకంలో మాటలు ఆడదాని నోట రాకూడనివన్నారు. నాగరత్నమ్మగారు ఆ పుస్తకం కోసం వెతికారు. అచ్చులో దొరికింది అరకొరగా ఉంది. రాతప్రతి సంపాదించి, సరిచూసుకుని, తన పీఠికతో 1910లో వావిళ్ళ వారి చేత అచ్చు వేయించారు.

ఆ పీఠికలో ఆవిడ పంతులుగారిని నిలదీశారు. సిగ్గు అనేది ఆడవాళ్ళకే సొంతమా, మగాళ్ళకి అక్కర్లేదా అన్నది ఆవిడ ప్రశ్న. ముద్దుపళని వేశ్య కాబట్టి పచ్చిగా రాసింది అంటే, పెద్ద కులాల్లో పుట్టిన మగకవులు అంతకంటే పచ్చిగా రాసినప్పుడు ఏమనాలో చెప్పమన్నారు. పంతులుగారు స్వయంగా సరిచూసి అచ్చుకి ఒప్పుకున్న వైజయంతీవిలాసం మాటేమిటని గుర్తుచేశారు. చూడండి, ఆ రోజుల్లో పంతులుగారంటే కొండ. ఆ కొండని ఒక భోగం ఇంటి ఆడమనిషి సాక్ష్యాలు చూపించి ప్రశ్నించింది.

జవాబు పోలీసుల నుంచి వచ్చింది. 1911లో అశ్లీలమని ప్రతులు పట్టుకుపోయారు. ఆ నిషేధం మూడున్నర దశాబ్దాలు నడిచింది. ఆఖరికి టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉండగా ఎత్తేశారు. 1952లో వావిళ్ళ వారు మళ్ళీ వేశారు.

తిరువయ్యారు సంగతి కూడా ఇంతే. త్యాగరాజస్వామి సమాధి పాడుబడి ఉందని 1921లో ఆవిడకి తెలిసింది. సొంత సొమ్ముతో స్థలం కొని గుడి కట్టించి 1926లో విగ్రహప్రతిష్ఠ చేయించారు. కాని ఆరాధన రోజున పాడేది మగ విద్వాంసులే, ఆడవాళ్ళు పాడకూడదు. ఆవిడ డబ్బు పనికొచ్చింది, గొంతు పనికిరాలేదు. ఆవిడ ఊరుకోలేదు. 1927లో ఆడవాళ్ళందరినీ కూడగట్టి, గుడి వెనకాలే వేరే ఆరాధన పెట్టి పాడించారు. మగాళ్ళలో ఉన్న రెండు పార్టీలకి ఇది మూడో పార్టీ. 1941 నాటికి అందరూ ఒకటయ్యారు, ఆడవాళ్ళు ముందుకొచ్చి పాడారు.

ఇక అసలు చిక్కు. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డిగారు 1927లో మద్రాసు శాసనమండలిలో దేవదాసీ పద్ధతి తీసేయాలని తీర్మానం పెట్టారు. ఆవిడ తల్లీ ఆ కులం నుంచి వచ్చిన మనిషే. పసిపిల్లలకి గుళ్ళో పొట్టు కట్టి వాళ్ళ జీవితం ముందే అమ్మేస్తున్నారన్నది ఆవిడ బాధ. అది నిజం. నాగరత్నమ్మగారు మద్రాసు దేవదాసీ సంఘం తరఫున ఎదురు నిలబడ్డారు. మేము కళాకారిణులం, వేశ్యలం కాదు, మా ఆస్తి, మా చదువు, మా పాట తీసేయొద్దు అన్నది ఆవిడ వాదన. అదీ నిజమే.

ఇద్దరిలో ఎవరు రైటు అంటే నా వరకు, పసిపిల్లల విషయంలో ముత్తులక్ష్మిగారే రైటు. కాని నాగరత్నమ్మగారి భయం కూడా ఉత్తిది కాదు. ఆ ఇళ్ళల్లో ఆస్తి ఆడపిల్ల వైపు నడిచేది. తమిళనాట ఆ ఇళ్ళ మగాళ్ళు, నట్టువాంగం చెప్పేవాళ్ళు, నాదస్వరం వాయించేవాళ్ళు, చాలామంది రద్దుకి జై కొట్టారు. వాళ్ళకి పోయేదేముంది? కులం పేరు మార్చుకున్నారు, వాద్యం చేతిలోనే ఉంది, మర్యాదా దక్కింది. ఆడవాళ్ళకి మాత్రం ఆట పోయింది, పేరు పోలేదు. 1947లో మద్రాసు చట్టం గుడికి పిల్లల్ని అంకితమివ్వడం నిషేధించింది. మా అత్తిలి పక్క బల్లిపాడు మదనగోపాలస్వామి గుళ్ళో ఆడిన కలావంతుల ఆడవాళ్ళు కూడా ఇట్టాగే ఆట మానేశారు. పదాలు, జావళీలు తలుపులేసుకుని ఇంట్లోనే పాడుకున్నారట. వాళ్ళ ఆటని చూసి మురిసిన షావుకార్ల మనవళ్ళు ఇవాళ తాతల పేర్లు గర్వంగానే చెప్పుకుంటారు.

ఒక్కచోట మాత్రం నాగరత్నమ్మగారితో నాకు పేచీ ఉంది. మేము వాళ్ళం కాదు అని చెప్పుకోవడానికి ఆవిడ గీత గీశారు. ఆ గీతకి అవతల నిజంగానే ఒళ్ళమ్ముకుని బతికే ఆడది మిగిలిపోయింది. ఆవిడ తరఫున ఎవరూ మాట్లాడలేదు. ముద్దుపళని కోసం అడిగిన ప్రశ్నే, మచ్చ ఒకళ్ళకే ఎందుకన్న ప్రశ్నే, ఆ చీకటి గదిలో ఉన్నావిడ కోసం కూడా అడిగుంటే ఎంత బాగుండేది! ఆవిణ్ణి తప్పు పట్టలేను. మునిగిపోయేవాడు పక్కనోణ్ణి చూడలేడు.

మరి చట్టం ఏం చూసింది? 1956లో వచ్చిన వ్యభిచార నిరోధక చట్టంలో ఎనిమిదో సెక్షన్ చదవండి. వీధిలో నిలబడి పిలిచే నేరానికి మొదటిసారి 6 నెలల దాకా జైలు. అదే పని మగాడు చేస్తే గరిష్ఠం 3 నెలలు. మగాడికి 7 రోజులు తప్పనిసరి అన్నారు, నిజమే, కాని పైన హద్దు మాత్రం ఆడదానికి రెట్టింపు. ఈ పనిలో మగపిల్లలు, హిజ్రాలు కూడా ఉన్నారు, వాళ్ళకీ దోపిడీ ఉంది, దెబ్బలున్నాయి. వాళ్ళ బాధ చిన్నదని నేననను. అయినా ఇల్లు ఖాళీ చేయమన్నప్పుడు, పెళ్ళి సంబంధం తప్పిపోయినప్పుడు, బిడ్డని బళ్ళో అడిగినప్పుడు ఆడదానికి పడే దెబ్బ వేరు. 2022 మేలో సుప్రీంకోర్టు, ఇష్టపూర్వకంగా ఆ పనిలో ఉన్నవాళ్ళని దాడుల్లో అరెస్టు చేయడం, వేధించడం కూడదని, వాళ్ళ ఫొటోలు పేర్లు పత్రికలు బయటపెట్టకూడదని ఆదేశాలిచ్చింది. మంచిదే. మరి మా వీధిలో ఫోన్లకి ఎవరు ఆదేశం ఇస్తారు?

నాగరత్నమ్మగారు 1952 మే 19న పోయారు. ఉన్నదంతా ట్రస్టుకి రాసి, ఆరాధనలో ఆడవాళ్ళు, దేవదాసీలు కూడా పాడేందుకు హక్కుండాలని వీలునామాలో పెట్టారు. సమాధి త్యాగరాజస్వామి సమాధి పక్కనే ఉంది. తండ్రి వదిలేసిన పిల్ల, పండితుడు గెంటేసిన పిల్ల, పోలీసులు పుస్తకాలు పట్టుకుపోయిన మనిషి, చివరికి తన చోటు తనే కట్టుకుంది.

ఆ పిల్ల మళ్ళీ పండక్కి వచ్చింది అండి. పాత డ్రెస్సు బిగుతైందని కుట్లు విప్పమంది. ఎక్కడుంటున్నావని అడిగితే ఊరి చివర గది చూసుకున్నానంది, అద్దె రెండింతలట. కుట్లు విప్పుతూ నేను ఒకటే అనుకున్నాను. ఈసారి ఎవరన్నా వీడియో తీస్తే, కెమెరా ఒక్కసారి వెనక్కి తిప్పమని చెప్పాలి. నోట్లు పట్టుకున్న చేతుల పైన మొహాలు కూడా ఉంటాయి గదా. అవి కూడా మన ఊరివే.