జేమ్స్ ఎవాన్స్ - క్రీ లిపి

భారతీయ లిపుల పుట్టుకను విచారించువారికి కాలమే పెద్ద అవరోధము. అశోకుని శాసనములలో బ్రాహ్మీలిపి కన్పట్టునప్పటికే అది పరిణతరూపమును పొందియున్నది. దానిని కూర్చినవారి పేర్లు చరిత్రలో మిగులలేదు. ఉత్తర అమెరికాలోని క్రీ జాతివారి లిపి విషయము ఇందుకు భిన్నమైనది. అది 19వ శతాబ్దిలో వాడుకలోనికి వచ్చినది. దాని తొలి ముద్రణల సంవత్సరములు తెలియును. దానితో ముడివడిన వ్యక్తి జీవితమును తెలియును. ఆ వ్యక్తి జేమ్స్ ఎవాన్స్. ఒక లిపి ఒకానొక మనుష్యుని పేర చలామణి యగుచు, వేరొక జాతి సొత్తుగా ఎట్లు మారునో తెలిసికొనుటకు ఆయన చరిత్ర మంచి ఉదాహరణము.

ఎవాన్స్ 1801లో ఇంగ్లండునందలి హల్ రేవుపట్టణమున జన్మించెను. తండ్రి ఓడ నడుపు నావికుడు. కుటుంబము కెనడాకు తరలిపోగా, 1820 తరువాతి సంవత్సరములలో ఎవాన్సును అచ్చటికి చేరెను. అప్పటికి నేటి కెనడా దేశము ఏర్పడలేదు. ఎగువ కెనడా, దిగువ కెనడా అను రెండు బ్రిటిష్ వలసరాష్ట్రములు తూర్పున నుండెను. వానికి ఉత్తరపశ్చిమములనున్న విశాలభూభాగము 1670 నాటి రాజశాసనముచే హడ్సన్ బే కంపెనీ అధీనమున నుండెను. ఎవాన్స్ ఎగువ కెనడాలో బడిపంతులుగా జీవితమారంభించి, వివాహమాడి, మెథడిస్టు శాఖలో చేరెను. 1828లో రైస్ సరస్సు ప్రాంతమున ఒజిబ్వే బాలురకు చదువు చెప్పు పనికి కుదిరెను. ఆయన జీవితగతిని నిర్ణయించినది ఈ ఉద్యోగమే.

ఒజిబ్వే, క్రీ భాషలు ఆల్గాంకియన్ కుటుంబమునకు చెందినవి. వీనియందు క్రియ చుట్టును ప్రత్యయములు పేరుకొని, ఒక్క పదమే పూర్తివాక్యపు పనిని చేయును. అట్టి దీర్ఘపదములను రోమనులిపిలో వ్రాసినచో పంక్తి నిండిపోవును. చదువరి కన్ను అలసిపోవును. పైగా ఇంగ్లీషు వర్ణక్రమముననుసరించి వ్రాయుటచే ఒక్క ధ్వనికి పలుగుర్తులు, ఒక్క గుర్తుకు పలుధ్వనులు ఏర్పడి, బాలురు చిక్కులు పడుచుండిరి. ఎవాన్స్ ఈ చిక్కును తరగతిగదిలో నిత్యమును చూచెను. 1830 తరువాత ఒజిబ్వేకు తగిన క్రమబద్ధమైన వ్రాతను గూర్చి ఆయన కృషిచేసెను. కాని ఆయన ప్రతిపాదించిన నూతనపద్ధతికి ముద్రణ సంస్థల ఆమోదము లభింపలేదు. 1837లో న్యూయార్కున అచ్చయిన ఆయన ఒజిబ్వే వాచకము రోమనులిపిలోనే వెలువడెను. చేసిన కృషి అప్పటికి ఫలింపలేదు. కాని ఆ భాషల ధ్వనివ్యవస్థ ఆయనకు స్పష్టముగా బోధపడెను.

1840లో లండనునందలి వెస్లియన్ మిషనరీ సంఘమునకును హడ్సన్ బే కంపెనీకిని ఒక ఏర్పాటు కుదిరెను. దాని ప్రకారము మిషనరీలకు వసతిని, ప్రయాణసౌకర్యమును కంపెనీ కల్పించును. ఎవాన్స్ ఆ వాయవ్యప్రాంతపు కార్యములకు అధ్యక్షుడుగా నియుక్తుడై, విన్నిపెగ్ సరస్సునకు ఉత్తరాగ్రమున నున్న నార్వే హౌస్ అను వర్తకస్థానమును చేరెను. పడవలన్నియు కలిసికొను ఆ కూడలి దగ్గర రాస్‌విల్ అను క్రీ గ్రామము ఏర్పడెను. ఆయనకు తోడుగా వచ్చినవారిలో హెన్రీ బర్డ్ స్టైన్‌హవర్ అను ఒజిబ్వే పండితుడు ముఖ్యుడు. ఎవాన్సుకు క్రీ భాష క్రొత్తది. స్టైన్‌హవరు వంటివారి సాయము లేనిదే ఆ పని సాగెడిది కాదు.

అచ్చట చేరిన కొలదినెలలలోనే, అనగా 1840 చివరి భాగమున, క్రీ లిపి అచ్చులో వెలువడెను. దాని నిర్మాణము మిక్కిలి పొదుపైనది. మూలాకృతులు తొమ్మిది. వీనిలో ఒకటి కేవల అచ్చులకు. తక్కిన యెనిమిది ప, త, చ, క, మ, న, స, య అను హల్లులకు. ప్రతి ఆకృతియు నాలుగు దిక్కులకు తిరుగును. తిరిగిన దిక్కునుబట్టి అచ్చు మారును. త్రిభుజము క్రిందికి మొగము పెట్టినచో ఏ, పైకి చూచినచో ఇ, కుడికి తిరిగినచో ఓ, ఎడమకు తిరిగినచో అ. ప వర్ణమునకు కోణాకృతి గుర్తు. అదియు ఇట్లే తిరిగి పే, పి, పో, ప అగును. ఈ విధముగా 36 అక్షరములు సిద్ధించును. పదాంతమున అచ్చులేని హల్లు వచ్చినచో పంక్తికి పైగా చిన్నగుర్తు నుంతురు. ఇది మన పొల్లుతో పోల్చదగినది. వకారమునకు ఒక చుక్క చాలును.

గుణింతమునకు అలవాటుపడిన మనకు ఈ పద్ధతి సుపరిచితమువలె తోచును. అయినను ఒక ముఖ్యభేదము గలదు. మన లిపులలో హల్లునందు అకారము అంతర్లీనముగా నుండును. తక్కిన అచ్చులు వేరుగుర్తులుగా వచ్చి చేరును. క్రీ లిపిలో అట్టి ప్రధానరూపము లేదు. నాలుగు దిక్కులును సమానములే. హల్లును ఆకృతి తెలుపును, అచ్చును దిక్కు తెలుపును. రెండింటిని విడదీయుటకు వీలులేదు. క్రీ భాషలో క-గ, త-ద, ప-బ అను శ్వాసనాదభేదము అర్థభేదకము కాదు గనుకనే ఇంత స్వల్పసంఖ్యగల ఆకృతులతో పని నెరవేరినది. తెలుగునకో సంస్కృతమునకో ఈ పొదుపు సాధ్యమయ్యెడిది కాదు. ఈ లిపి సౌలభ్యమునకు కారణము ఆ భాషకు అది సరిపోవుటయే.

ఈ లిపి మూలములను గూర్చి పండితులలో ఏకాభిప్రాయము లేదు. సంక్షిప్తలేఖన ప్రభావమును పలువురు అంగీకరింతురు. ప, త, చ, క గుర్తులలో దేవనాగరి ఛాయ గలదని కొందరు పరిశోధకులు అభిప్రాయపడిరి. హల్లును అచ్చును ఒక్క అక్షరమున కలుపు సూత్రమును వారు ఇందుకు ఆధారముగా చూపుదురు. అంతకుముందే, 1821 నాటికి, చెరోకీ జాతికి చెందిన సెక్వోయా తన భాషకు 80కి పైబడిన గుర్తులతో అక్షరమాలను కూర్చియుండెను. క్రీ జాతివారి వంశపారంపర్య కథనము వేరొకవిధముగా నున్నది. మైదానపు క్రీలు ఈ లిపి కాలింగ్ బ్యాడ్జర్ అను తమ పెద్దకు ఆత్మలోకమున లభించినదని చెప్పుకొందురు. ఈ కథనమును పుక్కిటిపురాణమని త్రోసివేయుట తగదు. లిపి తమ అంతర్భాగమైనదని ఒక జాతి భావించుటకు అది ప్రబలమైన సాక్ష్యము.

లిపిని అచ్చునకెక్కించుట కష్టతరమైన పని యయ్యెను. తొలుత ముద్రణయంత్రము ఎవాన్సుకు లేదు. తేయాకు పెట్టెల లోపలి సీసపు రేకులను కరగించి, మూసలలో పోసి, అచ్చక్షరములు తయారుచేసెను. పొయ్యిమసిని చేపనూనెతో కలిపి సిరాగా వాడెను. బొచ్చుతోళ్లను మూటలుగా బిగించు యంత్రమే ముద్రణయంత్రమయ్యెను. 1841లో 16 పుటల చిన్న కీర్తనల పుస్తకము ఈ సామగ్రితోనే వెలువడెను. అనంతరకాలమున లండను సంఘమువారు సరియైన అక్షరములను, యంత్రమును పంపిరి. కాని లిపివ్యాప్తికి అచ్చు ప్రధానకారణము కాదు. నేర్చినవాడు నేర్వనివానికి చెప్పెను. పడవల వారు ఒక మజిలీనుండి వేరొక మజిలీకి కొనిపోయిరి. వేటగాండ్రు భూర్జపత్రముపై బొగ్గుతో వ్రాసి దారిలో ఆనవాళ్లుగా నుంచిరి. మిషనరీ అడుగుపెట్టని తావులకును లిపి ముందుగా చేరెను. మన ప్రాచీనులకు పరిచితమైన భూర్జపత్రము అచ్చటి అడవులలోను వ్రాతకు ఆధారమగుట గమనింపదగినది.

ఎవాన్స్ తుదిసంవత్సరములు క్లేశభరితములు. కంపెనీ గవర్నరు జార్జి సింప్సనుతో ఆయనకు వైరము పెరిగెను. ఆదివారమున పడవలు నడుపరాదని ఎవాన్స్ బోధించెను. నీరు గడ్డకట్టక మిగులు స్వల్పకాలములో ప్రయాణములు ముగించుకొనవలసిన కంపెనీకి అది నష్టము. తోళ్ల విక్రయమున క్రీల స్వేచ్ఛను సమర్థించుటయు కంపెనీ గుత్తాధిపత్యమునకు విరుద్ధమాయెను. 1844లో ఉత్తరదిశగా ప్రయాణించుచుండగా ఎవాన్స్ చేతిలోని తుపాకి పొరపాటున పేలి, ఆయన సహచరుడు, దుబాసి యగు థామస్ హాసల్ మరణించెను. ఈ దుర్ఘటన ఆయన మనస్సును, ఆరోగ్యమును క్రుంగదీసెను.

1846లో రాస్‌విల్ గ్రామపు యువతులు కొందరు ఆయన నడవడిపై తీవ్రారోపణలు చేసిరి. తోటి మిషనరీ విలియం మేసన్ అధ్యక్షతన విచారణ జరిగెను. ముఖ్యారోపణలు రుజువు కాలేదని తీర్పు వచ్చెను. కాని వివేకము తప్పినట్లు తేల్చిరి. ఆయనను ఇంగ్లండునకు పిలిపించిరి. అచ్చట సంఘపు పెద్దలు ఆయనను నిర్దోషిగా ప్రకటించిరి. 1846 నవంబరు 23న ఎవాన్స్ లింకన్‌షైరునందలి కీల్‌బీ గ్రామమున మరణించెను. ఆనాటి జీవితచరిత్రకారులు ఈ ఘట్టమును దాచియో, కంపెనీ కుట్రగా వర్ణించియో ఆయనను మహాత్మునిగా నిలిపిరి. నేటి చరిత్రకారులు అట్లు చేయరు. విచారణ జరిపినవారందరును ఆయన వర్గమువారే యనియు, ఆ యువతుల మాటకు ఆ కాలమున తగిన విలువ లభింపలేదనియు వారు గుర్తుచేయుదురు. లిపి గొప్పతనమును చూపి ఈ ప్రశ్నను మరుగుపరచుట గాని, ఈ ప్రశ్నను చూపి లిపిని తక్కువ చేయుట గాని చరిత్రధర్మము కాదు.

ఎవాన్స్ మరణముతో లిపి ఆగలేదు. మేసన్, ఆయన భార్య సోఫియా, స్టైన్‌హవర్, జాన్ సింక్లేర్ అనువారి కృషిచే క్రీ బైబిలు 1861-62లో లండనున ముద్రితమయ్యెను. ముఖపత్రమున మేసన్ పేరొక్కటే కన్పట్టుటచే తక్కినవారికి అన్యాయము జరిగెనను వివాదము చిరకాలము సాగెను. జాన్ హార్డెన్ మొదలైనవారు ఈ లిపిని ఇన్యూట్ భాషకు అనువుగా మార్చిరి. 1876 తరువాత ఎడ్మండ్ పెక్ దానిని ఆర్కిటిక్ తీరమున వ్యాపింపజేసెను. 1885లో మోరీస్ అను మతాచార్యుడు దకెల్ భాషకు ఇదే సూత్రముపై వేరొక లిపిని కూర్చెను.

అటుపిమ్మట పరీక్షాకాలము వచ్చెను. ప్రభుత్వధనముతో క్రైస్తవసంఘములు నడిపిన వసతిపాఠశాలలు ఆదిమజాతుల బాలురను తల్లిదండ్రులనుండి వేరుచేసి, స్వభాషలో మాటాడినందుకు శిక్షించెను. ఈ పాఠశాలల విషయమై కెనడా ప్రభుత్వము 2008లో పార్లమెంటునందు క్షమాపణ చెప్పెను. ఆ కాలమంతయు ఈ లిపి ఇండ్లలో, ఉత్తరములలో, దినచర్యలలో, ప్రార్థనపుస్తకములలో బ్రతికియుండెను. మతవ్యాప్తికై వచ్చిన సాధనము, అదే మతసంఘములు భాషను అణచినప్పుడు భాషకు ఆశ్రయమయ్యెను. 1975 నాటి జేమ్స్ బే ఒప్పందము క్యూబెక్ క్రీలకు స్వంత విద్యామండలిని కల్పించెను. 1976లో ఇన్యూట్ వారు తమ లిపిని తామే ప్రమాణీకరించుకొనిరి. 1999లో ఏర్పడిన నునావుట్ ప్రాంతమున ప్రభుత్వపత్రములు ఈ లిపిలో వెలువడుచున్నవి. ఆ సంవత్సరముననే అది యూనికోడునందు స్థానము పొందెను.

లిపి ఆవిర్భావమును ఒక్కని ప్రతిభగా వర్ణించుట సులభము. ఎవాన్స్ చరిత్రను సావధానముగా పరిశీలించినచో అందు మూడు పాయలు కన్పట్టును: ధ్వనులను శ్రద్ధగా విన్న ఒక ఉపాధ్యాయుని యోచన, పేరు మరుగునపడిన ఆదిమజాతి పండితుల సహకారము, వ్రాతను చేతినుండి చేతికి అందించుకొన్న సామాన్యజనుల పూనిక. మొదటి పాయ ఆరు సంవత్సరములకే తెగిపోయెను. రెండవదానికి ముఖపత్రమున చోటు దొరకలేదు. మూడవది నేటికిని ప్రవహించుచున్నది. లిపికి యజమానులెవరను ప్రశ్నకు సమాధానము దానియందే గలదు.