సికింద్రాబాద్ గోల్ కీపర్ పీటర్ తంగరాజ్

ఫుట్‌బాల్ అనగానే మన హాస్టల్లో మెస్సీ గొప్పా, రొనాల్డో గొప్పా అని గొడవ మొదలవుతుంది. రాత్రి ఒంటిగంటకి మ్యాచ్ ఉంటే ఒక్క ల్యాప్‌టాప్ చుట్టూ ఇరవై మంది చేరతారు. వాళ్లలో ఎవర్నైనా పట్టుకుని, మన హైదరాబాద్‌లో పుట్టి రెండు ఒలింపిక్స్‌కి వెళ్లిన గోల్ కీపర్ పేరు చెప్పమంటే మాత్రం తల గోక్కుంటారు. ఆయన పేరు పీటర్ తంగరాజ్. ఒకప్పుడు ఆసియా అంతా తెలిసిన పేరు అది. ఈ సంచికకి ఆయన గురించే రాద్దామనుకున్నాను.

ఎందుకో ముందే చెప్పేస్తాను. నాది నూజెండ్ల. మా పల్నాడు వైపు ఆటంటే క్రికెట్టు, కబడ్డీ, పండగలకి ఎద్దుల బండలాగుడు. ఫుట్‌బాల్ అంటే బడిలో ఎప్పుడో ఒకసారి బయటికి తీసే, సగం గాలి ఉన్న బంతి. రెండు ఇటుకలు పెడితే అదే గోల్. పరుగు రానివాడో, లావుగా ఉన్నవాడో, కొత్తగా బళ్లో చేరినవాడో వెళ్లి ఆ ఇటుకల మధ్య నిలబడాలి. నేను పొడుగ్గా ఉన్నానని నన్ను నిలబెట్టారు. ఇక్కడ ఇంటర్ బ్రాంచ్ పోటీల్లో కూడా నాది అదే చోటు. గోల్ కీపర్ అవుతానని ఎవరూ ఆట మొదలుపెట్టరు. తంగరాజ్ కూడా అలా మొదలుపెట్టలేదు.

ఆయన 1935 డిసెంబర్ 24న పుట్టారు. తమిళ మూలాలున్న కుటుంబాలు ఎన్నో స్థిరపడ్డ సికింద్రాబాద్ కంటోన్మెంట్ వైపు మైదానాల్లోనే ఆయన ఆట మొదలైంది. అక్కడి మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బులకి ఆడారు. ఆ కాలపు హైదరాబాద్ గురించి కొంచెం చెప్పుకోవాలి. ఇప్పుడు బిర్యానీకి, ఐటీకి ఎంత పేరుందో అప్పుడు ఆ ఊళ్లో ఫుట్‌బాల్‌కి అంత పేరుండేది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ అనే మాస్టారు సిటీ పోలీస్ జట్టుకి కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. అదే రహీమ్ సాబ్ తర్వాత భారత జట్టుకీ కోచ్ అయ్యారు. తంగరాజ్ కంటే ఏడాది చిన్నవాడైన తులసీదాస్ బలరాం కూడా సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడే. ఈ వాతావరణంలో పెరిగిన పిల్లాడికి కాలి దగ్గర బంతి ఉండటం మామూలు విషయం.

1953లో తంగరాజ్ సైన్యంలో చేరారు. నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో ఉన్న మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ ఆయన జట్టు. మొదట్లో ఆయన ఆడింది సెంటర్ ఫార్వర్డ్‌గా. అంటే గోల్స్ కొట్టే చోటు, జనం చప్పట్లు కొట్టే చోటు. ఆ తర్వాతే గోల్ కీపర్‌గా మారారు. గోల్ కొట్టేవాడు గోల్ ఆపేవాడయ్యాడన్నమాట. మార్పు చిన్నదేం కాదు. ఫార్వర్డ్ పదిసార్లు ప్రయత్నించి తొమ్మిదిసార్లు తప్పినా ఆ పదోది గుర్తుంటుంది. కీపర్ తొమ్మిది ఆపి ఒకటి వదిలితే ఆ ఒక్కటే గుర్తుంటుంది.

మారాక ఎక్కువ కాలం పట్టలేదు. మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ 1955లో ఢిల్లీలో డ్యూరాండ్ కప్ గెలిచింది. 1958లో మళ్లీ గెలిచింది. 1955లోనే ఢాకాలో జరిగిన నాలుగు దేశాల పోటీలో ఆయన భారత జట్టు చొక్కా వేసుకున్నారు. మరుసటి ఏడు మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు. ఆ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీఫైనల్ దాకా వెళ్లి నాలుగో స్థానంలో నిలిచింది. ఇప్పటికీ ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనకి అదే పై మెట్టు. 1958లో తంగరాజ్‌ని ఆసియాలోకెల్లా ఉత్తమ గోల్ కీపర్‌గా ఎంచారు. అప్పటికి ఆయనకి ఇరవై మూడేళ్లు కూడా నిండలేదు.

ఇంజనీరింగ్ పత్రిక కాబట్టి ఇక్కడ చిన్న లెక్క. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. పెనాల్టీ కొట్టే చోటు 11 మీటర్ల దూరంలో ఉంటుంది. బంతి గంటకి 90 కిలోమీటర్ల వేగంతో వస్తే సెకనుకి 25 మీటర్లు. అంటే గోల్ చేరడానికి 0.44 సెకన్లు. కంటితో చూసి ఒళ్లు కదలడానికే దాదాపు 0.2 సెకన్లు పోతాయి. మిగిలిన పావు సెకనులో మూడున్నర మీటర్లు దూకాలి. లెక్క ప్రకారం అది కుదిరే పని కాదు. అందుకే కీపర్ బంతిని చూసి దూకడు. కొట్టేవాడి నడుము, నిలబడే కాలు చూసి ముందే ఒక నిర్ణయానికి వస్తాడు. తంగరాజ్ ఆరడుగుల పైన మంచి పొడగరి. గాల్లో వచ్చే బంతుల్ని మిగతావాళ్ల తలల మీంచి అందుకోవడం ఆయనకున్న పెద్ద బలం. ఒకప్పుడు తానే ఫార్వర్డ్ కాబట్టి ఎదుటివాడు ఏ మూలకి కొడతాడో కూడా పసిగట్టగలిగేవారని నేననుకుంటాను.

పైగా అప్పటి బంతి ఇప్పటిలా ప్లాస్టిక్ పూతది కాదు. తోలు బంతి, వాన పడితే నీళ్లు పీల్చి బరువెక్కేది. ఇప్పుడు మనం ఆన్‌లైన్‌లో కొనే రబ్బరు గ్రిప్ గ్లవ్స్ లాంటివి అప్పుడు లేవు. పెద్ద పోటీల్లో మధ్యలో ఆటగాణ్ణి మార్చే వీలూ ఉండేది కాదు. దెబ్బ తగిలినా చివరిదాకా గోల్‌లో నిలబడాల్సిందే.

1960లో రోమ్ ఒలింపిక్స్. మన గ్రూపులో హంగేరీ, ఫ్రాన్స్, పెరూ. హంగేరీతో 1-2తో ఓడాం. ఫ్రాన్స్‌తో 1-1తో సమానం. పెరూ చేతిలో 1-3. చూడ్డానికి ఓటమి లెక్కలే. కాని ఆ హంగేరీ ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టు. వాళ్లని రెండు గోల్స్ దగ్గర ఆపారంటే వెనకాల ఉన్నవాళ్లు ఎంత పని చేసి ఉంటారో ఊహించండి. ఆ తర్వాత ఇప్పటిదాకా మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ ముఖం చూడలేదు. అదే 1960లో కోజికోడ్‌లో జరిగిన సంతోష్ ట్రోఫీని సర్వీసెస్ జట్టు గెలిచింది. ఫైనల్లో ఓడింది బెంగాల్. సర్వీసెస్ కెప్టెన్ తంగరాజ్.

ఇక జకార్తా. 1962 ఆసియా క్రీడలు. ఇది చెప్పకపోతే ఆయన కథ చెప్పినట్టే కాదు.

మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. తర్వాత థాయ్‌లాండ్‌ని, జపాన్‌ని గెలిచాం. సెమీస్‌లో దక్షిణ వియత్నాంని 3-2తో దాటాం. ఈలోగా తంగరాజ్‌కి ఫ్లూ జ్వరం. ఆయన బదులు ప్రద్యుత్ బర్మన్ గోల్‌లో నిలబడ్డారు. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తల పగిలి కుట్లు పడ్డాయి. అయినా రహీమ్ సాబ్ ఆయన్ని ఫార్వర్డ్‌గా ఆడించారు. ఆ రహీమ్ సాబ్‌కే ఒంట్లో క్యాన్సర్.

బయట పరిస్థితి ఇంకా ఘోరం. ఇజ్రాయెల్, తైవాన్ జట్లని ఆతిథ్య దేశం రానివ్వలేదు. దాన్ని మన దేశపు క్రీడా ప్రముఖుడు జి.డి. సోంధీ తప్పుపట్టడంతో జకార్తాలో జనం మన మీద మండిపడ్డారు. మన రాయబార కార్యాలయం మీద దాడి కూడా జరిగింది. సెప్టెంబర్ 4న ఫైనల్. మళ్లీ అదే కొరియా. స్టేడియం నిండా మనల్ని గేలి చేసే జనం. గోల్ కీపర్ వీపు ఎప్పుడూ జనం వైపే ఉంటుంది కదా, ఆ అరుపులు అందరికంటే దగ్గరగా వినపడేది అతనికే.

ఆ రోజు గోల్‌లోకి రహీమ్ సాబ్ తంగరాజ్‌నే పంపారు. జ్వరంతో మ్యాచ్‌లు తప్పిపోయిన మనిషి నేరుగా ఫైనల్‌కే వచ్చి నిలబడ్డారు. మొదటి ఇరవై నిమిషాల్లోనే పి.కె. బెనర్జీ ఒకటి, కుట్ల తలతో జర్నైల్ సింగ్ ఒకటి కొట్టారు. అప్పట్నుంచి మిగిలిన మ్యాచ్ అంతా కొరియా వాళ్లు మన గోల్ మీదకి రావడం, మనవాళ్లు ఆపడం. చివర్లో ఒక్క గోల్ పడింది. 2-1. బంగారు పతకం మనది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనం గెలిచిన ఆఖరి బంగారం అదే. రహీమ్ సాబ్ 1963 జూన్‌లో పోయారు.

తర్వాత సంగతులు త్వరగా చెప్తాను. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ అభిమానులు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. మూడో పెద్ద క్లబ్బు మహమ్మదన్ స్పోర్టింగ్. తంగరాజ్ మూడింటికీ ఆడారు. 1964 ఆసియా కప్‌లో రెండో స్థానం వచ్చిన భారత జట్టులోనూ ఉన్నారు. అప్పటి మన కోచ్ హ్యారీ రైట్ ఇంగ్లండులో గోల్ కీపర్‌గా ఆడి వచ్చిన మనిషే. 1966 బ్యాంకాక్ ఆసియా క్రీడలకీ తంగరాజ్ వెళ్లారు. 1967లో అర్జున అవార్డు వచ్చింది. ఆట మానేశాక కోచ్‌గా మారి, చివరికి బొకారో ఉక్కు పట్టణంలో స్థిరపడ్డారు. 2008 నవంబర్ 24న అక్కడే కన్నుమూశారు.

ఇప్పుడు మన సంగతి. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో నేను పెట్టిన మొదటి ఆప్షన్లన్నీ కంప్యూటర్సే. వచ్చింది సివిల్. మా ఊళ్లో చుట్టాలు ఏం బ్రాంచి అని అడిగితే మా నాన్న ముందు కాలేజీ పేరు చెప్పి, తర్వాత మెల్లగా బ్రాంచి చెప్తాడు. ఇది చదువుతున్న వాళ్లలో సగం మందికి ఇలాంటి కథే ఉంటుంది. ఏ బ్రాంచి వచ్చినా ఒకటేలే అని ఓదార్చడానికి ఇదంతా రాయలేదు. ఒకటి కాదు. సెంటర్ ఫార్వర్డ్, గోల్ కీపర్ కూడా ఒకటి కాదు. తంగరాజ్ గోల్‌లోకి వెళ్లాక గోల్స్ కొట్టే అవకాశం శాశ్వతంగా పోయింది. ఆయనకి ఆ కొత్త చోటు మొదటి రోజు నుంచే నచ్చిందో లేదో నేను చెప్పలేను. కాని 1955 నుంచి 1966 దాకా దేశం ఆ చోటుని ఆయన చేతుల్లో పెట్టింది. ఇష్టం ఎప్పుడు వచ్చిందో గాని, పని మాత్రం బాగా వచ్చింది. నాకు ఈ మూడో సంవత్సరంలో స్ట్రక్చర్స్ పేపర్ చదువుతుంటే ఆ తేడా కొద్దికొద్దిగా అర్థమవుతోంది.

ఇంకో మాట. సికింద్రాబాద్ వైపు మీకు చుట్టాలుంటే ఇంట్లో పెద్దవాళ్లని తంగరాజ్ గురించి, బలరాం గురించి అడిగి చూడండి. ఆ మైదానాల్లో వాళ్ల ఆట చూసినవాళ్లు ఇంకా కొందరు ఉండే ఉంటారు. వాళ్లు చెప్పింది రాసి పంపితే వచ్చే సంచికలో వేసుకుందాం. మన గ్రౌండ్‌లో సాయంత్రం ఐదున్నరకి ప్రాక్టీస్ ఉంటుంది. ఫార్వర్డ్‌లు పన్నెండు మంది ఉన్నారు, కీపర్‌ని నేనొక్కణ్ణే. రెండో జత గ్లవ్స్ నా దగ్గర ఉన్నాయి.

— సివిల్, మూడో సంవత్సరం