భాగ్యరెడ్డివర్మ జీవితము – యువజన ధర్మము



ఎల్.బి.నగరునుండియు దిల్‌సుఖ్‌నగరునుండియు కోఠికి బోవువారు మలక్‌పేట గడచి, చాదర్‌ఘాటు వంతెనమీదుగా మూసీనదిని దాటుదురు. ఆవలి దరికి దాపుననే యిసామియా బజారు గలదు. 1910వ సంవత్సరమున అచ్చట, అంటరానివారని త్రోసివేయబడిన బిడ్డలకొరకు ఒక చిన్న పాఠశాల వెలసెను. దానిని నెలకొల్పిన యువకునికి నాటికి ఇరువదిరెండేండ్లు. ఆయనయే మాదరి భాగ్యరెడ్డివర్మ. మన సంఘపు వార్షిక సభలో ఆయనను స్మరించుట లాంఛనమాత్రము కారాదని మేము తలంచుచున్నాము.

ఆయన 1888 మే 22వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించెను. తొలి నామము భాగయ్య. మనవారు పూర్వము ఈ భూమి నేలినవారను భావము స్ఫురించునట్లు కులగురువు ఆయనకు రెడ్డి యను పదము చేర్చెనని చెప్పుదురు. వర్మ యను బిరుదము 1913లో ఆర్యసమాజమువారిచ్చినది. ధనబలము లేదు, పెద్ద చదువు లేదు. అయినను 1906లో, పదునెనిమిదేండ్ల ప్రాయముననే, జగన్మిత్ర మండలిని స్థాపించెను. అక్షరము రాని జనమునకు పత్రికలవలన ప్రయోజనము లేదని గ్రహించి, హరికథలద్వారా వాడవాడలను మేల్కొలిపెను.

1911లో మాన్యసంఘ మేర్పడెను. ఆ సంఘము సర్కారును అడుగుటతోనే తృప్తిపడక, మన యిండ్లలోనికి చూచెను. ఆటబొమ్మలు విడువని పసిబాలలకు పెండ్లిండ్లు చేయుట, శుభాశుభములకు కల్లుసారాలు పోయుట, ఆడబిడ్డను దేవతకు జోగినిగా విడిచి ఆమె బ్రతుకును ఊరిపాలు చేయుట—ఇవన్నియు నాడు ఆచారములు. తాతలనుండి వచ్చినవి గనుక వానిని ప్రశ్నించుట పెద్దలను ధిక్కరించుటగా తోచెడిది. ఆ నింద నోర్చి, కూతురి బ్రతుకుకంటె ఆచారము గొప్పది కాదని ఆ యువకులు చాటిరి.

1917లో బెజవాడయందు జరిగిన మహాసభకు భాగ్యరెడ్డివర్మ అధ్యక్షత వహించెను. పంచములను పేరు మనకు తగదనియు, మనము ఈ దేశపు ఆదివాసులమనియు ఆయన వాదించెను. 1931వ సంవత్సరపు జనగణనలో నిజాము రాష్ట్రమున ఆదిహిందువులను పేరు చేరుటకు ఆయన కృషియే మూలము. ఇసామియా బజారున మొదలైన విద్యాయత్నము 26 పాఠశాలలుగా, 2,500 మంది విద్యార్థులుగా పెరిగెను. 1939 ఫిబ్రవరి 18వ తేదీన ఆయన కీర్తిశేషుడయ్యెను.

జోగినీ దురాచారమును నేరముగా నెంచు శాసనము ఆంధ్రప్రదేశమున 1988లో గాని రాలేదు. అది ఆయన శతజయంతి వత్సరము. శాసనము వచ్చుటకు ఎన్నో దశాబ్దములకు ముందే ఆయన యింటింట చెప్పిన మాటయే అది. చట్టము ఆలస్యముగా వచ్చును. యువకుని మనస్సాక్షి ముందుగా మేల్కొనును.

నేడు దిల్‌సుఖ్‌నగరు వసతిగృహములలో జిల్లాలనుండి వచ్చిన మన బాలికలు పోటీపరీక్షలకు చదువుచున్నారు. ఉద్యోగము వచ్చువరకు పెండ్లి వలదందురు. కట్నమడిగిన సంబంధమును కాదందురు. కొందరు వరుని తామే యెంచుకొందురు. పెద్దలు నొచ్చుకొనుచున్నారు. మాలోను కట్నము పుచ్చుకొన్నవారు, అప్పుచేసి మండపములను అలంకరించినవారు ఉన్నారు. కావున పరులను తప్పుపట్టు నర్హత మాకు లేదు. అయినను ఒక్కమాట విన్నవింతుము. నేడు మనము పూలమాల వేయుచున్న పటములోని మహనీయుడును ఒకనాడు పెద్దల ఆచారమును కాదన్న పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడే.

యువజనులకును ఒక మనవి. ఆయన పెద్దలను ఎగతాళిచేసి వాడ విడిచి పోలేదు. అక్కడనే నిలిచి, బడి పెట్టి, తగవులు తీర్చి, ముప్పది యేండ్లకు పైగా పాటుపడెను. కాదనుట సులభము, కాదన్నదాని స్థానమున మేలైనదానిని నిలుపుట కష్టము. ఆ కష్టమునకు మీరు పూనుకొనుడు. పెద్దలు మీ వెంట నడుతురుగాక!