యాభై దెబ్బలకు ఎన్నేళ్లు?

ఒకడు ఇంకొకడిని కర్రతో యాభై సార్లు కొట్టాడనుకోండి. ప్రతి దెబ్బా నేరమే. దెబ్బకు ఏడాది చొప్పున యాభై ఏళ్లు జైలా? కాదు, మొత్తానికి ఒకటే శిక్ష అంది ఐపీసీ 71వ సెక్షన్‌. మధ్యలో అడ్డొచ్చినవాడిని కూడా కావాలని కొడితే మాత్రం దానికి వేరే శిక్ష. ఇలా చిన్న చిన్న ఉదాహరణలతో ఐపీసీ తొలి ముసాయిదాను తయారుచేయించింది థామస్‌ బాబింగ్టన్‌ మెకాలే.

మనకు ఆయన ఇంగ్లిష్‌ చదువుల మెకాలేగానే తెలుసు. 1800లో ఇంగ్లండ్‌లో పుట్టారు. కేంబ్రిడ్జ్‌లో చదివి లాయరయ్యారు కానీ ప్రాక్టీసు పెద్దగా సాగలేదు. పార్లమెంటులో పేరొచ్చింది, చేతిలో డబ్బు లేదు. తండ్రి వ్యాపారం దెబ్బతిని ఇంటి భారం మీద పడింది. సరిగ్గా అప్పుడే గవర్నర్‌ జనరల్‌ కౌన్సిల్‌లో న్యాయ సభ్యుడి కొలువు వచ్చింది. జీతం ఏడాదికి 10,000 పౌండ్లు! కొన్నేళ్లు దాచుకుని తిరిగి వెళ్లిపోదామనే 1834 జూన్‌లో మద్రాసులో దిగారు.

జీతం కోసమే వచ్చినా పని మాత్రం తేలిగ్గా తీసుకోలేదు. అప్పట్లో దేశమంతటికీ ఒకే క్రిమినల్‌ చట్టం లేదు. ఒకే నేరానికి ఒక్కోచోట ఒక్కో శిక్ష. లా కమిషన్‌ అధ్యక్షుడిగా ఆయన పని మొదలుపెడితే తోటి సభ్యులు జబ్బుపడ్డారు. బరువంతా చాలావరకు ఆయనే మోశారు. 1837లో ముసాయిదా ఇచ్చి, మర్నాటి ఏడాది వెళ్లిపోయారు. అది ఇరవై ఏళ్లకు పైగా మూలనపడింది. 1859 డిసెంబరులో మెకాలే కన్నుమూశారు. చట్టం ఆమోదం పొందింది 1860 అక్టోబరులో, అమలైంది 1862 జనవరి 1న.

కొట్లాట సంగతి సరే, నేరాలు వేర్వేరైతే? ఇక్కడే దేశానికో దారి. అమెరికాలో 2009లో బెర్నార్డ్‌ మేడాఫ్‌కు 11 నేరాలకు శిక్షలు కూడి 150 ఏళ్లు వేశారు. ఫ్రాన్స్‌లో ఒకే కేసులో ఎన్ని నేరాలు రుజువైనా జైలు శిక్ష ఒక్కటే. అన్నిటికన్నా పెద్ద నేరానికున్న గరిష్ఠ పరిమితిని అది దాటకూడదు. మనది ఈ రెంటికీ మధ్య. శిక్షలన్నీ ఒకేసారి నడవాలా, ఒకటయ్యాక ఒకటా అన్నది కోర్టే చెబుతుంది. ఒకే విచారణలో వరుసగా వేస్తే మొత్తం 20 ఏళ్లు మించకూడదు. పాత సీఆర్‌పీసీలో ఇది 14 ఏళ్లు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

2024 జులై 1న ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 71వ సెక్షన్‌ అందులో 9వ సెక్షనైంది. కర్రతో యాభై దెబ్బల ఉదాహరణ మాత్రం అలాగే ఉంది.