మన ఖాకీ బట్టల వెనుక మనిషి: హృదయనాథ్ కుంజ్రూ

1983 వేసవి సెలవుల్లో విశాఖలో మా బాబాయి వాళ్లింటికి వెళ్లినప్పుడు రేవు దగ్గర కొందరు పిల్లల్ని చూశాను. నా ఈడువాళ్లే. తెల్లబట్టలు, తెల్లటోపీలు. పొడవాటి పడవలో రెండు వరసల్లో కూర్చుని ఒక్క ఊపున తెడ్లు వేస్తున్నారు. ఎన్.సి.సి. నౌకాదళ విభాగం వాళ్లని బాబాయి చెప్పాడు.

బడి తెరవగానే మన ఎన్.సి.సి. మాస్టారి దగ్గరికి వెళ్లి నన్ను నేవీలో చేర్చుకోమని అడిగాను. పల్నాడులో సముద్రం ఎక్కడుందని ఆయన నవ్వారు. కృష్ణలో పుట్టి మీద చేపలు పట్టేవాళ్లు ఉన్నారు కదా, మాచర్ల అవతల సాగర్ నీళ్లున్నాయి కదా అని నేను వాదించాను. మన బడికి ఉన్నది ఆర్మీ విభాగం ఒక్కటే. ఖాకీతోనే సరిపెట్టుకున్నాను. నా ముఖం చూసి జాలేసిందో ఏమో, మాస్టారు ఒక సాయంత్రం బావి చేదతాడు తెప్పించి, ఎంత లాగినా ఉచ్చు బిగుసుకోని ఓడవాళ్ల ముడి ఒకటి నేర్పారు.

ఆ తెల్లబట్టలకూ ఈ ఖాకీకీ మూలపురుషుడు ఒక్కరేనని ఉద్యోగంలో చేరాక గానీ నాకు తెలియలేదు. ఆయనే పండిట్ హృదయనాథ్ కుంజ్రూ.

కుంజ్రూ 1887లో ఆగ్రాలో ఒక కాశ్మీరీ పండిత కుటుంబంలో పుట్టారు. తండ్రి అయోధ్యానాథ్ అలహాబాదులో పేరున్న వకీలు, కాంగ్రెస్ తొలితరం నాయకుడు. ఈయన కూడా నల్లకోటు వేసుకుని సుఖంగా బతకవచ్చు. 1909లో గోఖలే స్థాపించిన భారత సేవక సంఘంలో చేరారు. తనకంటూ సంపాదించుకోనని, సంఘం ఇచ్చిన దానితోనే సరిపెట్టుకుంటానని అక్కడ ప్రమాణం చేయాలి. పెళ్లయిన కొద్ది సంవత్సరాలకే భార్య పోయారు, పసిబిడ్డ కూడా దక్కలేదు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 1936లో సంఘానికి అధ్యక్షుడై కడదాకా ఆ పదవిలోనే ఉన్నారు.

సొంత బిడ్డ లేని ఆ మనిషి జీవితంలో చాలా భాగం ఊరి పిల్లల కోసమే గడిచింది. మన దేశానికి స్కౌటు ఉద్యమం వచ్చిన కొత్తలో అది తెల్లవారి పిల్లలకే. అందుకని 1918లో మదనమోహన మాలవీయ, శ్రీరాం బాజ్‌పాయ్‌లతో కలిసి అలహాబాదులో సేవాసమితి స్కౌటు సంఘం పెట్టారు. 1950లో దేశంలోని స్కౌటు సంఘాలన్నీ భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా ఒక్కటయ్యాక దాని మొదటి జాతీయ కమిషనరూ ఆయనే.

ఎన్.సి.సి. కథ 1946లో మొదలైంది. అంతకుముందు సైనిక శిక్షణ యూనివర్సిటీ విద్యార్థులకే, అదీ కొద్దిమందికే. దేశమంతటికీ కేడెట్ దళం ఎలా ఉండాలో చెప్పడానికి ప్రభుత్వం వేసిన కమిటీకి కుంజ్రూ అధ్యక్షులు. ఏనాడూ తుపాకీ పట్టిన మనిషి కాదు, కానీ సైన్యంలో భారతీయ అధికారుల సంఖ్య పెరగాలని చట్టసభలో ఏళ్ల తరబడి పోరాడినవాడు. కాలేజీలతో పాటు హైస్కూళ్లకూ దళాలు ఉండాలని ఆ కమిటీ చెప్పింది. నా దృష్టిలో అసలు గొప్పతనం అక్కడే ఉంది. ఆ మాట లేకపోతే మన బడి దాకా ఏదీ వచ్చేది కాదు. 1948లో చట్టమైంది, 1949లో బాలికల విభాగం, 1950లో వైమానిక విభాగం, 1952లో నౌకాదళ విభాగం వచ్చాయి. నాడాల బూట్లు నేను మొదటిసారి తొడిగింది ఎన్.సి.సి.లోనే. పరేడ్ అయ్యాక పెట్టే పూరీల కోసం చేరినవాళ్లూ మనలో తక్కువేం కాదు, పేర్లు రాయను!

మన తెలుగువాళ్లకు ఆయన మరోచోట తగులుతారు. 1953లో వేసిన రాష్ట్రాల పునర్విభజన సంఘంలో ఫజల్ అలీ, పణిక్కర్‌లతో పాటు మూడో సభ్యుడు ఆయనే. తెలంగాణను అప్పటికి విడిగా ఉంచమని ఆ సంఘం చెప్పింది, ఢిల్లీ వినలేదు. అది వేరే కథ. 1962లో, డెబ్బై అయిదేళ్ల వయసులో, రైలు ప్రమాదాల కమిటీకి అధ్యక్షత వహించారు. ఇంజినీరుగా నాకు ఆయన పేరు తగిలింది దాని ద్వారానే.

1968లో భారతరత్న ఇస్తామంటే వద్దన్నారు. గణతంత్ర దేశంలో బిరుదులు కూడదని రాజ్యాంగ సభలో వాదించింది తానే కదా! 1978 ఏప్రిల్‌లో తొంభై నిండిన వయసులో కన్నుమూశారు. నేను ఖాకీ తొడిగే నాటికి ఆయన పోయి అయిదేళ్లే. మాకెవరూ ఆ పేరు చెప్పలేదు.

మా అమ్మాయి విశాఖలో చదివేటప్పుడు నౌకాదళ విభాగంలో చేరింది. మొదటి పరేడ్‌కు ఆ తెల్లబట్టలు ఇస్త్రీ చేసింది నేనే. ఒకరోజు తాడు తెచ్చి, నాన్నా, నీకొక ముడి నేర్పుతానంది. తాడు అందుకుని నేనే ముందు వేసి చూపించాను.